ఆత్రేయ గారింటి కంప్యూటరు చుట్టాలు

జగ్గయ్యపేటలో ఆత్రేయ గారింటి కంప్యూటరు తెరుచుకోవాలంటే ముందు ఫిల్టరులో డికాక్షన్ దిగాలి. పొద్దున్నే ఆయన చెల్లెలు అమూల్య ముందుగదిలో మీట నొక్కుతుంది. వంటింట్లో వదిన వసుమతి పాలు పొయ్యి మీద పెడుతుంది. కాసేపటికి గేటు చప్పుడవుతుంది. ఒక్కొక్కరే వసారాలోకి వచ్చి, చెప్పులు విడిచి, బల్ల మీద సర్దుకుని కూర్చుంటారు. వాళ్ళందరూ కాఫీ తాగేవరకూ తెర మీద ఇసుక గడియారం తిరుగుతూనే ఉంటుంది. ఆఖరి గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినబడ్డాక తెర నెమ్మదిగా తేరుకుంటుంది.

ఇందులో ఎవరికీ ఆశ్చర్యం లేదు. ఒక యంత్రంలోకి ఏ ప్రోగ్రాము ఎక్కించినా దాని వెంట ఒక మనిషి వస్తాడు. మీట నొక్కగానే తనంతట తాను మేలుకునే రకమైతే ఆ మనిషి పొద్దున్నే వస్తాడు. వచ్చినవాడికి కాఫీ ఇవ్వాలి. పాత కంప్యూటరు ఉన్న ప్రతి ఇంటా జరిగేది ఇదే కనుక, ఈ సంగతి ఎవరూ ప్రత్యేకంగా చెప్పుకోలేదు.

సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో కొత్త కంప్యూటర్లు వచ్చినప్పుడు, అక్కడ గుమస్తాగా ఉన్న ఆత్రేయ పాతవాటిలో ఒకదాన్ని దుప్పటిలో చుట్టి ఆటోలో ఇంటికి తెచ్చాడు. అప్పుడు వచ్చేది ఒకే ఒక్కడు, తెలుగు అక్షరాలాయన. సన్నగా, తెల్లచొక్కాతో వచ్చి, కాఫీ తాగి, మూతి తుడుచుకునేలోపే తెర వెలిగేది. అమూల్య ఆయన సాయంతోనే టైపు నేర్చుకుంది. శుభలేఖలు, ప్రశ్నపత్రాలు కొట్టి ఇస్తూ ఊళ్ళో పేరు తెచ్చుకుంది.

తరవాత జనం పెరిగారు. ఆత్రేయ పాటలు వినే ప్రోగ్రాము ఎక్కించాడు. దాని మనిషి ఎప్పుడూ కూనిరాగం తీస్తూ వస్తాడు. ఎవరో కుర్రవాడు కబుర్ల ప్రోగ్రాము ఎక్కించిపోతే, దాని తాలూకు అమ్మాయి గేటులో అడుగు పెడుతూనే ఎవరు వచ్చారో, ఎవరు వెళ్ళారో అరిచి చెప్పడం మొదలుపెట్టింది. ప్రోగ్రాములకు కొత్త మార్పులు మోసుకొచ్చే ఒకాయన సంచీ దించకుండానే, "కొత్త సరుకొచ్చిందండీ, ఇప్పుడు దించనా, రేపు రమ్మంటారా?" అంటాడు. రేపు రమ్మంటే నిజంగానే వస్తాడు. వైరసులను ఆపే వాచ్‌మన్ గేటు పక్కనే స్టూలు మీద నిద్రపోతుంటాడు. ప్రింటరాయన వచ్చీ రాగానే, "ప్రింటరు వచ్చిందామ్మా?" అని అడుగుతాడు. రాలేదంటే తలూపి కూర్చుంటాడు. అందరికన్నా పెద్దవాడు జాతకాలాయన. మూల కుర్చీలో కూర్చుని వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకుంటూ కాఫీ చల్లార్చుకుని తాగుతాడు. ఆయన గ్లాసు కోసమే ఇల్లంతా ఎదురుచూడాలి.

రెండువేల ఆరు వేసవిలో ఈ వ్యవహారం అమూల్య మెడకు చుట్టుకుంది. నందిగామలో ప్రెస్సు నడిపే కృపావతి గారు ఒక హైస్కూలు వజ్రోత్సవ సంచిక మొత్తం ఆమెకు అప్పగించారు. ఉత్సవానికి ముందే అందిస్తే, ఇక మీదట ప్రెస్సు టైపు పనంతా ఆమెదే. అందించకపోతే ఏమవుతుందో అన్నగారు ముందే తేల్చేశాడు.

"కంచికచర్ల నుంచి బాబాయి మళ్ళీ ఫోను చేశాడే. పిన్ని మోకాళ్ళు బొత్తిగా పనిచెయ్యట్లేదట. ఇంట్లో మనిషి కావాలిట. నువ్వెటూ ఖాళీయే కదా అన్నాడు."

"నేను ఖాళీనా అన్నయ్యా?"

"నేను స్నానానికెళ్ళేటప్పుడు నువ్వా ఇసుక గడియారం చూస్తూ కూర్చున్నావు. టిఫిన్ చేసొచ్చినా చూస్తూనే ఉన్నావు. దాన్ని పనంటే బాబాయి నమ్ముతాడా? ఈ సంచికేదో అయితే సరే. కాకపోతే దీన్ని పాత ఇనుము వాడికిచ్చేసి నువ్వు కంచికచర్ల వెళ్ళు."

పెళ్ళికాని మనిషిని ఏ ఇంట్లో ఖాళీ వస్తే ఆ ఇంట్లోకి సర్దవచ్చునన్న ఆలోచన మన కుటుంబాల్లో ఎక్కడ పుట్టిందో చెప్పడం కష్టం. చెడ్డ ఉద్దేశంతో పుట్టిందని కూడా అనలేం. ఆత్రేయకు చెల్లెలంటే ప్రేమే. అయితే ఆ ప్రేమకు, బీరువా ఏ గదిలో పెడితే బాగుంటుందన్న యోచనకు మధ్య తేడా ఆయనకు ఎవరూ చూపించలేదు.

కష్టమల్లా కరెంటుతో. అందరి కాఫీలూ అయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చేది. అమూల్య రెండు పేజీలు కొట్టేలోగా కరెంటు పోయేది, చుట్టాలు లేచి వెళ్ళిపోయేవారు. తిరిగి వచ్చాక మీట నొక్కితే, బస్టాండు దాకా వెళ్ళిన చుట్టాలందరూ వెనక్కి తిరిగి, గేటు దగ్గర్నుంచి మళ్ళీ మొదలు. మళ్ళీ కాఫీ. వసుమతి పాలవాడికి జవాబు చెప్పుకోలేక సతమతమయ్యేది.

చివరికి నందిగామ నుంచి సతీష్‌బాబును పిలిపించారు. కంప్యూటర్లు బాగుచేసే యువకుడు. మాట జోరు, చెయ్యి జోరు. పెట్టె విప్పి చూసి ముక్కు మూసుకున్నాడు.

"ఏంటి మేడమ్ ఇది, పరుపులోకి సరిపోయే దూది ఉంది లోపల! ఫ్యాను తిరగమంటే ఎట్లా తిరుగుతుంది?"

బ్రష్షుతో దుమ్మంతా దులిపాడు. పనికిరాని ఫైళ్ళు చెరిపించాడు. పాత శుభలేఖలన్నీ సీడీలకెక్కించి డిస్కులో చోటు చేశాడు. పాడైన వేరే యంత్రంలోంచి తెచ్చిన మెమరీ ముక్క ఒకటి లోపల బిగించాడు. ఆ ముక్క బిగియగానే వసారాలో ఇంకో బల్ల పట్టేంత జాగా వచ్చింది. నిలబడినవాళ్ళు కూర్చున్నారు, కాఫీ ఒకేసారి నలుగురైదుగురికి అందించడం వీలైంది.

"ఇది పైపూత వైద్యమేనండి. అసలు జబ్బు వీళ్ళు," అని సతీష్‌బాబు వసారా వైపు చూపుడువేలు తిప్పాడు. "ఇంతమంది పొద్దున్నే ఎందుకొస్తున్నట్టు? మీట నొక్కగానే మేలుకునేవాళ్ళ జాబితా ఉంటుంది, అందులో పేరు పక్కన టిక్కు తీసేస్తే ఎవరింటికి వాళ్ళు పోతారు. అక్షరాలాయన ఉండాలి, వాచ్‌మన్ ఉండాలి. మిగతావాళ్ళు అనవసరం."

అని టకటకా టిక్కులు తీసేశాడు. వసారాలో పాటలాయన కూనిరాగం మధ్యలో ఆపి లేచాడు. కబుర్లమ్మాయి, "నేను వెళ్ళాను!" అని తన గురించి తానే అరిచింది. జాతకాలాయన చల్లారని కాఫీ అక్కడే వదిలి చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

వంటింట్లోంచి వసుమతి పరుగున వచ్చింది.

"అయ్యో, అదేంటండీ! భోజనాల వేళ మనుషుల్ని లేపేస్తారా? ఇన్నేళ్ళు వచ్చినవాళ్ళు... ఉండండి, ఉండండి బాబూ!"

పొద్దున చేసిన పులిహోరంతా స్టీలు గిన్నెల్లో సర్ది, మూతలు బిగించి, ఒక్కొక్కరి చేతిలో పెట్టింది. సతీష్‌బాబుకూ ఒకటి ఇచ్చింది. అతను మూత తీసి వాసన చూసుకుంటూ నందిగామ బస్సెక్కాడు.

మర్నాడు అమూల్య మీట నొక్కింది. గేటు చప్పుడైంది. అందరూ వచ్చారు.

గిన్నెలు తిరిగివ్వడానికి వచ్చారు. ఒకరి గిన్నె ఇంకొకరు ఉంచుకోకూడదు. తిరిగిచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వకూడదు. ఆ మర్యాద వాళ్ళకూ తెలుసు. పాటలాయన జామకాయలు తెచ్చాడు. ప్రింటరాయన దోసకాయలు తెచ్చి, ప్రింటరు వచ్చిందేమో అడిగాడు. గిన్నె తెచ్చిన మనిషిని గుమ్మంలోంచి పంపించడం వసుమతి వల్ల కాదు. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. దోసకాయ పప్పు చేసి అవే గిన్నెల్లో పెట్టి పంపింది. ఇలా ఆ వారమంతా గిన్నెలు వెళుతూ వస్తూ ఉన్నాయి, ఇసుక గడియారం తిరుగుతూ ఉంది.

అమూల్య ఫోను చేస్తే సతీష్‌బాబు నెత్తి కొట్టుకున్నాడు. "గిన్నెలెవరు ఇవ్వమన్నారండీ!"

"మీకూ ఒకటిచ్చింది కదా?"

అతని గొంతు తగ్గింది. "అవునండి. అది ఇద్దామనే... అప్పడాలు వేయించమన్నా మా అమ్మని."

ఉత్సవం దగ్గరపడింది. ఆత్రేయ ఇనుము కొట్టుకు కబురంపాడు. కంచికచర్లలో పిన్నిగారు అమూల్య కోసం మంచం కూడా వేయించారట. ఆ మాట విన్న పొద్దున అమూల్య మీట నొక్కి, తెర ముందు కూర్చోకుండా వసారాలోకి వచ్చి చుట్టాల మధ్య కూర్చుంది. ఇన్నేళ్ళలో అలా కూర్చోవడం అదే మొదలు. కాఫీ అందించడానికే తప్ప ఆమె ఎప్పుడూ అక్కడికి రాలేదు.

ఎవరైనా ఒక గుమ్మంలో ఏళ్ళ తరబడి ఎందుకు కూర్చుంటారు? ఆతిథ్యం కోసమే అయి ఉండదు. ఎవరో ఏదో పని మీద పిలిచారు. ఆ పని అయిందని గానీ, ఇక అక్కర్లేదని గానీ ఎవరూ చెప్పలేదు. మనం రమ్మని చెప్పినంత శ్రద్ధగా చాలని చెప్పం. చాలని చెప్పడం అమర్యాద అనుకుంటాం. ఎదుటివాడి రోజులు మన వసారాలో తరిగిపోవడం అంతకంటే అమర్యాదేమోనని ఆలోచించం.

"బాబాయి గారూ," అంది ప్రింటరాయనతో, "మా ప్రింటరు ఏనాడో పాడైపోయింది. మళ్ళీ కొనలేదు. కొనం కూడా."

"ఆ ముక్క అప్పుడే చెబితే మా అల్లుడి షాపులో కూర్చునేవాణ్ణి కదమ్మా," అన్నాడు. కోపంగా అనలేదు. లేచి ఒళ్ళు విరుచుకున్నాడు.

కబుర్లమ్మాయికి, ఆమె పిలిచే స్నేహితులెవరూ ఈ ఇంట్లో లేరని చెప్పింది. "నాకూ డౌటొచ్చిందక్కా, ఎంత అరిచినా ఎవరూ పలకట్లేదు," అందా పిల్ల. పాటలాయనకు, సంచీ ఆయనకు, మేం కబురు చేస్తేనే రండి అంది. ఆయన మొదటిసారిగా సంచీ కింద పెట్టి భుజం రుద్దుకున్నాడు.

ఆఖరున జాతకాలాయన ముందు కూర్చుంది.

"మీరు ఎవరి జాతకం చూస్తున్నారండీ?"

"నీదేనమ్మా. మీ వదిన అడిగింది. కుదిరే సంబంధం ఉందేమో చూడమంది. చూస్తూనే ఉన్నా. ఇంకా తేలలేదు."

వంటింటి గుమ్మంలో వసుమతి గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ఆ ప్రోగ్రాము తాను ఎక్కించమన్న రోజు ఆమెకు గుర్తులేదు. అమూల్యకు మాత్రం ఆ క్షణాన ఒక సంగతి అర్థమైంది. తన పేరు మీద ఒక లెక్క ఇన్నేళ్ళుగా ఈ మూల కుర్చీలో నడుస్తోంది, ఆ లెక్క తేలేదాకా తనతో సహా ఇల్లంతా ఆగి ఉంది.

"ఇక చూడక్కర్లేదండి. నాకు వేరే పనుంది."

"నిజంగానా తల్లీ?"

"నిజంగానండీ."

జాతకాలాయన లెక్కిస్తున్న వేళ్ళు విప్పుకున్నాడు. ఆయన అరచేతులు చాచడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఉండలేదు. "నా కళ్ళు కూడా కనబడ్డం లేదులే," అని వసుమతి వైపు తిరిగి నవ్వాడు. "ఏదీ, ఇవాళ కాఫీ వేడిగా ఇయ్యి."

ఆ రోజు వసుమతి అందరికీ విస్తళ్ళు వేసి వసారాలోనే భోజనం పెట్టింది. దారికి కావాలంటే కూడా ఆకుల్లోనే పొట్లాలు కట్టింది. ఆకు తిరిగివ్వాల్సిన వస్తువు కాదు. గిన్నె కోసం ఒకసారి వంటింట్లోకి వెళ్ళబోయిన ఆమె చెయ్యి అమూల్య పట్టుకుంది. సాయంత్రానికి వసారా ఖాళీ అయింది. వాళ్ళు తిరిగి రావడంతో మళ్ళీ పడిన టిక్కులను అమూల్య తన చేతులతోనే ఒక్కొక్కటిగా తీసింది.

మర్నాడు మీట నొక్కితే అక్షరాలాయన వచ్చి కాఫీ తాగాడు. వాచ్‌మన్ కాఫీ సగంలో ఉండగానే తెర వెలిగింది. ఆత్రేయ స్నానానికని తువ్వాలు భుజాన వేసుకుని, చెల్లెలు అప్పటికే పేజీ పూర్తి చేయడం చూసి, తువ్వాలుతోనే నిలబడిపోయాడు. సంచిక ఉత్సవానికి ముందే నందిగామ చేరింది. కృపావతి గారు చదివి, ప్రెస్సు పనంతా పంపుతానన్నారు. ఇనుము కొట్టువాడు వచ్చి, కంప్యూటరుకు బదులు ఆత్రేయ ఇచ్చిన పాత మంచం పట్టీలు తీసుకుపోయాడు.

కొన్నాళ్ళకు సతీష్‌బాబు అప్పడాల గిన్నెతో వచ్చాడు. కాఫీ తాగి చాలాసేపు నసిగాడు.

"మేడమ్, మిగతా ఇళ్ళలో నేను టిక్కులు తీస్తున్నా. వాళ్ళు మళ్ళీ వస్తున్నారు. ఒకింట్లో చీర పెట్టి పంపారట, ఇంకో ఇంట్లో పచ్చడి జాడీ ఇచ్చారట. నందిగామలో నా పేరు పోయేట్టుంది. పెట్టె పని నేను చూసుకుంటా. వసారా పని మీరు చెయ్యగలరా?"

ఆత్రేయ ఏదో అనబోయాడు. కంచికచర్ల అన్న మాట ఆయన నోటి దాకా వచ్చి ఉంటుంది. "పొద్దున బస్సులు రష్షుగా ఉంటాయే," అన్నాడు చివరికి. "ముందే బయల్దేరు."

నందిగామలో వాళ్ళు వెళ్ళిన మొదటి ఇల్లు ఒక రైతుది. మీట నొక్కి ఉంది. వసారా కిక్కిరిసి ఉంది. ఆ ఇంటి ఇల్లాలు ట్రేలో గ్లాసులతో ఎవరికి ముందివ్వాలో తెలియక ఊగిసలాడుతోంది. అమూల్య గేటు తీసింది. ఎవరు చెప్పారో, ఎలా తెలిసిందో, బల్ల మీదున్నవాళ్ళందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. మధ్యలో ఆమెకు చోటు వదిలారు. ఇల్లాలు ట్రే తిప్పి మొదటి గ్లాసు ఆమె ముందు పెట్టింది.

అమూల్య కూర్చుంది. కాఫీ పూర్తిగా తాగింది. తరవాత పక్కాయన వైపు తిరిగి, "చెప్పండి, మిమ్మల్ని ఎవరు పిలిచారు?" అని అడిగింది.