మాఫీ అన్న ఒక్క మాట

గల్ఫులో ఇరవై రెండేళ్లు చేశాను. అయినా నాకు వచ్చిన అరబ్బీ పది మాటలు దాటదు. అందులో ఎక్కువగా విన్నది 'మాఫీ'. లేదు అని అర్థం. నీళ్లు మాఫీ, బస్సు మాఫీ, ఛుట్టీ మాఫీ. ఏం అడిగినా ముందు అదే జవాబు.

ఒమాన్ నేషనల్ డే సెలవుకు ముందురోజు అజ్మత్ నుంచి నా ఫోనుకు ఆ ఒక్క మాటే వచ్చింది.

అజ్మత్‌ది కడప వైపు. సమాయిల్ క్యాంపులో పదకొండేళ్లు నా పక్క మంచం అతనిదే. శుక్రవారం బట్టలు ఉతికాక అదే బకెట్టు బోర్లించి వాయించేవాడు. ఆ దెబ్బలకు వంట చేసేవాడు కూడా గరిటె పట్టుకుని వచ్చి నిలబడేవాడు.

అలాంటి మనిషితో ఎనిమిది నెలలుగా నాకు మాటల్లేవు. మా తమ్ముడు పోయినరోజు నేను సైట్లో నాలుగో అంతస్తు పరంజా మీద ఉన్నాను. ఫోను రూములో ఛార్జింగుకు పెట్టి ఉంది. జ్వరంతో పడుకున్న అజ్మత్ ఎత్తాడు. నా భార్య ముత్తవ్వ ఏడుస్తూ సంగతి చెప్పింది. నేను సాయంత్రం దిగొచ్చి, అన్నం తిన్నాక గాని అతను నోరు విప్పలేదు.

"పైనున్నప్పుడు చెప్తే కాలు జారతావని భయపడితి అన్నా" అన్నాడు.

ఆరోజు విమానం తప్పిపోయింది. నేను ఊరు చేరేసరికి తమ్ముడు బూడిదయ్యాడు. తిరిగొచ్చి, "నీ మొకం నాకు సూపియ్యకు" అన్నాను. అతను వారం తిరక్కుండా బజారు అవతల ఉన్న ఇంకో క్యాంపుకు మారిపోయాడు.

ఇప్పుడు వీసా క్యాన్సిల్ చేసుకుని పూర్తిగా ఇంటికి పోతున్నాడు. సెలవురోజు సాయంత్రం ఎనిమిదింటికి విమానం. అదేరోజు బర్కా సముద్రం ఒడ్డున ఒమానీలు డోళ్లు వాయిస్తారని, మూడింటికల్లా మొదలవుతుందని మా పికప్ డ్రైవర్ ఆంజి చెప్పాడు.

"మనోని డోలు పిచ్చి నీకు తెల్వదా? రమ్మను గంగన్నా. జరసేపు విని, అట్నుంచి అటే ఎయిర్‌పోర్టుల దింపుదాం. ఇప్పుడు మాట్లాడకుంటే ఇంకెప్పుడు మాట్లాడ్తవ్?"

నాకూ అదే ఉంది మనసులో. "రేపు బర్కా పోతున్నం. ఒంటిగంటకు మీ క్యాంపు గేటు కాడికొస్తం, సామాను తీసుకొని వస్తవా?" అని మెసేజ్ పెట్టాను. అరగంట తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చింది, 'మాఫీ'.

ఒక్క మాట. రాను అనడానికి ఇంకో మాట కూడా దండగ అనుకున్నాడు కాబోలు. నాకు ఒళ్లు మండి, సరే పో అన్నట్టు బొటనవేలి బొమ్మ కొట్టి ఫోను పక్కన పడేశాను.

మర్నాడు మధ్యాహ్నం ఆంజీ నేనూ పోయాం. వెనక సీట్లో నా పక్కన అజ్మత్ కూర్చోవలసిన చోట బిర్యానీ గిన్నె పెట్టాను.

ఒడ్డు నిండా జనం. పడవలకు జెండాలు కట్టారు. తెల్లబట్టల ముసలాయన ఒకడు డోలు మెడకు వేసుకుని కళ్లు మూసుకుని కొడుతుంటే అలల చప్పుడు వినబడలేదు. ఆంజి చప్పట్లు కొట్టాడు. నాకు మాత్రం ప్రతి దెబ్బకూ బకెట్టే కనిపించింది.

ఆరు దాటాక ఎవరో నా భుజం తట్టారు. ఇస్రార్, హైదరాబాదీ, అజ్మత్ కొత్త రూములో ఉంటాడు. వేరే బండిలో వచ్చాడు.

"క్యా గంగన్నా, గిట్ల జేస్తవా? ఒంటిగంట నుంచి గేటు కాడ సూట్‌కేసు మీద కూసున్నడు. కొత్త చొక్కా ఏస్కున్నడు. నాలుగింటికి ఆఫీసు బండి వచ్చి తీస్కపోయింది."

"రానన్నడు గదా! మాఫీ అన్నడు!"

ఇస్రార్ నా ముఖంలోకి చూశాడు. "అరే, ఆయన అడిగింది మాఫీ! మా ఇండ్లల్ల మాఫీ అంటే ఏంది? తప్పయింది, మన్నించు అని. రాసేటప్పుడు నేను పక్కనే ఉన్న. 'ముందు మాఫీ అడుగుతా, తర్వాత వస్తానని చెప్తా' అన్నడు. నువ్వు బొటనవేలు పెట్టినవ్. 'అన్న మాఫ్ జేసిండు, తీస్కపోతనంటుండు' అని రూమంత సూపెట్టిండు."

మా ఊళ్లోనూ అప్పు మాఫీ, శిస్తు మాఫీ అంటాం. ఇరవై రెండేళ్లలో ఆ అర్థమే మరిచిపోయాను.

"మరి ఫోను జెయ్యకపాయె?"

"నేనూ గదే అన్న. 'నామోషీ అయితాది, అన్నే వస్తాడ్లే' అన్నడు. నాలుగింటికి సూట్‌కేసు తనే బండిల పెట్టుకున్నడు."

ఫోను చేశాను. స్విచాఫ్. కంపెనీ సిమ్ము, ఆఫీసులో అప్పజెప్పి పోయాడని ఇస్రార్ చెప్పాడు. ఇంటి నంబరు అతని దగ్గరా లేదు. ఊరు పేరు గుర్తు చేసుకోబోయాను. కడప వైపు అన్నంతవరకే తెలుసు. పదకొండేళ్లలో ఎప్పుడూ అడగలేదు.

"పోదామా, ఎయిర్‌పోర్టుకు?" అన్నాడు ఆంజి.

"లోపలికి పోయినంక ఇంకేం దొరుకుతడు" అన్నాడు ఇస్రార్.

ఫర్వాలేదు అనడానికి ఇక్కడ 'మాఫీ ముష్కిల్' అంటారు. అదే రాసి, ఎవరూ చూడరని తెలిసినా పంపాను. డోళ్లు ఇంకా మోగుతూనే ఉన్నాయి.

వాపసు వచ్చేటప్పుడు నా పక్క సీటు మీది గిన్నె తీసి కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. ఇస్రార్ మా బండిలోనే వస్తానని వెనక తలుపు తీశాడు.

"ఈడ గాదు, ముందర కూసో" అన్నాను.