కాటా మీద కాలివేలు

బుధవారం వచ్చిందంటే నర్సమ్మ ఉదయం ఏడింటికల్లా ఆసుపత్రి వరండా తలుపు తీసి, కాటా మీద దుమ్ము తుడిచి, పుస్తకంలో ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు వేసుకుంటుంది. పన్నెండే ఎందుకంటే, పెద్దాసుపత్రికి వారానికోసారి వెళ్ళే బండిలో ఉన్నవి పన్నెండే సీట్లు. ఆ పుస్తకంలో పేరుండి, ఆ బండిలో వెళ్ళినవాళ్ళకే అక్కడ మంచం దొరుకుతుంది. సొంతంగా వెళ్ళినవాళ్ళని గేటు దగ్గర్నుంచే వెనక్కి పంపేస్తారు. పదిహేనేళ్ళుగా ఇదే తంతు.

ఆ కాటా బరువు చూపించదు. ఎక్కిన మనిషి వైద్యం లేకుండా ఇంకా ఎన్ని రోజులు ఆగగలడో చూపిస్తుంది. ముల్లు తొంభై మీద నుంచి కిందికి దిగలేదంటే ఢోకా లేనట్టే. బిడ్డను ఎత్తుకుని తల్లి ఎక్కితే, ఇద్దరిలో ఎవరు తక్కువ ఆగగలరో వాళ్ళ అంకే చూపిస్తుంది. ఏడాదికోసారి మెకానిక్ వచ్చి నూనె వేసి, "బానే ఉంది" అని సంతకం పెట్టి పోతాడు. దాని మీద జనానికి ఉన్న ఫిర్యాదల్లా ఎక్కినప్పుడు కీచుమంటుందనే.

నర్సమ్మ మాత్రం ఎప్పుడూ ఎక్కలేదు. ఎక్కకూడదని రూలేం లేదు, తీరికే లేదు. పది రోజులుగా మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, ఎడమ భుజం లాగుతోంది. మందుల పెట్టెలు మోసి మోసి అలా అయిందని సరిపెట్టుకుంది. ఆమె బెంగంతా చెల్లెలి గురించే.

చెల్లెలి కడుపులో రాళ్ళు. నొప్పి లేచిందంటే తువ్వాలు నోట్లో కుక్కుకుని గోడకేసి తిరిగి పడుకుంటుంది. నాలుగు బుధవారాలుగా వచ్చి కాటా ఎక్కుతోంది. నలభై, ముప్పై మూడు, ఇరవై ఆరు, పంతొమ్మిది. ప్రతిసారీ ఆమెకంటే తక్కువ అంకె వాళ్ళు పన్నెండు మంది తేలుతున్నారు. "చావు దగ్గరపడితేనే గానీ నా నొప్పి నొప్పి కాదా అక్కా?" అని పోయిన వారం అడిగింది. పదిహేనేళ్ళలో ఎంతోమందికి ఎన్నో సర్దిచెప్పిన నర్సమ్మ ఆ రోజు ఆమె తల నిమిరి పంపేసింది.

ఇవాళ పదకొండు పేర్లు నిండాయి. పెద్ద అంకెల వాళ్ళు ఉసూరుమంటూ ఇళ్ళకి పోయారు. ఇంకా కాటా ఎక్కకుండా బెంచీ మీద మిగిలింది ఊళ్ళో బట్టలు కుట్టే టైలరు, చెల్లెలు. బయట బండి హారను మోగుతూనే ఉంది.

"అమ్మా, పన్నెండో పేరు తేల్చండి! ఎండెక్కుతోంది!" అని డ్రైవరు అరిచాడు.

టైలరు లేచాడు. కాళ్ళు ఉబ్బిపోయి చెప్పులు పట్టక, వాటిని చేత్తో పట్టుకొచ్చాడు. కాటా కీచుమంది. ముల్లు ఎనిమిది దగ్గర ఆగింది.

"ఎనిమిది," అని తనే చదువుకుని, వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. "వచ్చే బుధవారానికి ఒకటి మిగులుతుంది." వెళ్ళి మళ్ళీ బెంచీ మీద కూర్చున్నాడు.

చెల్లెలికి పన్నెండు చూపిస్తుందని నర్సమ్మకి ఎక్కించకుండానే తెలుసు. టైలరు మంచివాడు. తన యూనిఫాం జేబు చిరిగితే నిలబెట్టి కుట్టిచ్చిన మనిషి. అయినా సరే, ఇంకో వారం ఆ తువ్వాలు చూడటం తన వల్ల కాదనుకుంది. కూరగాయల బండివాడు కాటా అంచు కాలితో నొక్కి తూకం మార్చడం చిన్నప్పుడు చూసింది. చెల్లెలు కాటా ఎక్కగానే చెప్పులోంచి కాలు తీసి, ఆమె తూలిపోకుండా పట్టుకుంటున్నట్టు ముందుకు వంగి, బొటనవేలితో కాటా అంచు నొక్కింది.

ముల్లు పన్నెండు దాటింది, ఎనిమిది దాటింది, గబగబా దిగి రెండు దగ్గర ఆగింది.

"రెండా!" చెల్లెలి మొహం పాలిపోయింది.

నర్సమ్మ కాలు అక్కడే ఉంచి పెన్ను మూత తీసింది.

"ఇంకా చూస్తారేంటమ్మా, రాసెయ్యండి," అన్నాడు టైలరు. "నేను వచ్చే వారం వస్తాను."

చెల్లెలు కాటా దిగింది. ముల్లు మాత్రం కదల్లేదు. చెల్లెలు ముల్లు వంక చూసింది, తర్వాత అక్క కాలి వంక చూసింది.

"అక్కా, కాలు తియ్యి."

తీసింది. ముల్లు తిరిగి తొంభైకి పోయింది.

"మళ్ళీ పెట్టు."

"డ్రైవరు పిలుస్తున్నాడే..."

"పెట్టక్కా!"

రెండు. తల్లీబిడ్డల సంగతి నర్సమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. భుజం నొప్పి మందుల పెట్టెల వల్ల కాదని కూడా అప్పుడే తెలిసింది.

"నాకోసం ఆయన సీటు కొట్టేద్దామనుకున్నావా?" చెల్లెలి గొంతులో కోపం మాట పూర్తయ్యేలోపే ఏడుపైంది.

"నువ్వే వెళ్ళవే. నీ బాధ నేను చూడలేను."

"వచ్చే వారానికి నాకు ఐదు రోజులుంటాయి. నీకుండవు." చెల్లెలు పెన్ను లాక్కుని, పన్నెండో అంకె ఎదురుగా 'అక్క' అని రాసేసింది. అక్క అసలు పేరు రాయాలన్న ధ్యాస కూడా లేదు.

నర్సమ్మ చెప్పు వేసుకోవడానికి టైలరు పక్కన కూలబడింది. పదిహేనేళ్ళలో ఆ బెంచీ మీద కూర్చోవడం అదే మొదటిసారి. అక్కణ్ణుంచి కాటా అంచు ఎదురుగా స్పష్టంగా కనిపిస్తోంది.

"మీకు అన్యాయం చెయ్యబోయాను," అంది తలెత్తకుండా. "నన్ను క్షమించండి."

"బట్టల అంచులు కొలిచే పనమ్మా నాది. ఎవరొచ్చినా కళ్ళు ముందు కిందికే పోతాయి. మీ వేలు అప్పుడే చూశాను."

"చూసి కూడా సీటెందుకు వదిలారు?"

"పోయిన వారం మీ చెల్లెలికి పంతొమ్మిది వచ్చిందని విన్నాను. ఆ రెండు ఎవరివో తెలిసే వదిలాను," అన్నాడు టైలరు. "లేవండి, బండి పోతుంది."

బండి కదిలాక నర్సమ్మ కిటికీలోంచి వెనక్కి చూసింది. టైలరు చెప్పులు ఒళ్ళో పెట్టుకుని ఇంకా బెంచీ మీదే ఉన్నాడు. చెల్లెలు ఒక చేత్తో కడుపు పట్టుకుని, రెండో చేత్తో పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, ఒకటో అంకె వేసి, అతన్ని పేరు అడుగుతోంది.