మంచు దాటిన కోర్టు

లిండెన్ అంటే ఇరవై రెండు ఇళ్లు, ఒక చర్చి, ఒక కమ్మరి కొట్టు. పద్దెనిమిది వందల ఎనభై ఎనిమిదిలో కౌంటీకి, అంటే జిల్లాకి, కేంద్రం ఏ ఊరో తేల్చే ఎన్నికలో ఆ కాస్త ఊరే పదకొండు ఓట్లతో గెలిచింది. ఆ ఓట్లలో కొన్ని సమాధుల్లోంచి లేచి వచ్చినవేనని ఓడిపోయిన మార్లోవాళ్ల ఏడుపు. జిల్లా రికార్డులన్నీ ఉండే కోర్టు మాత్రం నదికి అవతల మార్లోలోనే ఉండిపోయింది. కొత్తది కట్టే స్తోమత లిండెన్‌కు లేదు. నెబ్రాస్కా చలికి నది గడ్డకట్టగానే ఆ చెక్క భవనాన్నే దుంగల మీదికెక్కించి, నలభై గుర్రాలు పూన్చి ఈడ్చుకొస్తున్నారు.

లోపల గుమాస్తా ఆన్సెల్ ఉన్నాడు. పనివేళల్లో ఆఫీసు ఒక్క గంట మూతపడినా మార్లోవాళ్లు కేసు వేస్తారని వకీలు భయపెట్టాడు. అందుకని ఆ మహానుభావుడు కలం పట్టుకుని, కుర్చీలో కూర్చునే నది దాటుతున్నాడు. అతని భార్య హల్డా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పక్కనే నడుస్తోంది.

"ఏమండీ, దిగి రండి," అంది కిటికీ దగ్గరికొచ్చి.

"ఐదింటిదాకా దిగకూడదే."

"ఐదింటిదాకా మంచు ఆగొద్దూ!"

గుర్రాలు తోలే రూక్ నవ్వాడు. "మీ ఆయన్ని మేమేం కొరుక్కు తినంలే వదినా. గట్టెక్కాక అప్పజెప్తాం."

నది నడిమధ్యన మంచు ఫెళ్లున పగిలింది. భవనం ఒక పక్కకు ఒరిగింది. రూక్ గొడ్డలితో తాళ్లు నరికి గుర్రాలను తప్పించాడు. ఆన్సెల్ కిటికీలోంచి రిజిస్టర్లు అందించసాగాడు. పెళ్లిళ్లవి, చావులవి, పన్నులవి. రైతులు వాటిని లాక్కుని గట్టుకు పరుగెడుతున్నారే తప్ప, ఆ మనిషికి చెయ్యందించినవాడు లేడు. హల్డాకు ఒళ్లు మండిపోయింది.

"భూముల రిజిస్టరేదయ్యా? అది పోతే మా పొలాలు మావని ఎవడొప్పుకుంటాడు?" అని గట్టు మీంచి కేకలేశారు.

అది వెనకగదిలో ఉంది. ఆన్సెల్ అటు తిరిగాడు. నీళ్లు అప్పటికే గడప దాటాయి. ఆ గదిలోకి వెళ్తే ఇక రాడని హల్డాకు తెలిసిపోయింది.

"అది నా దగ్గరుందండీ!" అని అరిచింది. మధ్యాహ్నం తిండికని శాలువాలో మూటగట్టిన రొట్టెలను పైకెత్తింది. "పొద్దున మీరు గుర్రాల దగ్గరున్నప్పుడే తీసేశాను. తిడతారని చెప్పలేదు. వచ్చేయండి!"

ఆవిడ అబద్ధమాడగా అతను ఎన్నడూ ఎరగడు. కిటికీలోంచి దూకాడు. ఇద్దరూ పడుతూ లేస్తూ గట్టెక్కేసరికి వెనక కోర్టు పైకప్పుతో సహా మునిగిపోయింది.

రైతులంతా చుట్టూ మూగారు. రూక్ చేతిలో గొడ్డలి ఇంకా అలాగే ఉంది. ఇప్పుడతను వదినా అనలేదు.

"ఇవ్వమ్మా రిజిస్టరు," అన్నాడు.

అందరికంటే ముందు చెయ్యి చాపింది ఆన్సెలే. వణుకుతూ, నవ్వుతూ, "ఇలా తేవే, తడిసిందేమో చూడాలి," అన్నాడు.

ఆ మంచు మీద పడ్డ భయం ఒక భయమే కాదనిపించింది హల్డాకు. శాలువా ముడి విప్పడానికి ఆమెకు చేతులు రాలేదు.