శవాల బండికి నూకలు చెల్లాయి

చచ్చిపోయినవాళ్ళను శ్మశానానికి చేర్చే కారు ఆ ఊళ్ళో ఒకటే ఉండేది. నల్లగా, పొడుగ్గా, వెనక అద్దాల కిటికీలతో, ఎదురుపడితే ఎంత వాగుడుకాయ అయినా గొంతు తగ్గించేలా ఉండేది. దాన్ని నడిపే మనిషిని అందరూ నిదానం అనేవారు. వెనక పడుకున్నవాళ్ళకు తొందరేముంటుందని అతని వాదన.

కారు అతని నాన్న కొన్నది. నాన్న పోయాక ఆ వ్యాపారం అక్క చేతికొచ్చింది. ఫోన్లో వెక్కివెక్కి ఏడ్చేవాళ్ళ నోటినుంచి చిరునామా, వీధి మలుపు, మేడమెట్ల వెడల్పు రాబట్టడంలో ఆమె తర్వాతే ఎవరైనా. బండి బాగోగులు బావవి. బావ మెకానిక్. కింద షెడ్డు, పైన ఇల్లు. వంటింటి కిటికీలోంచి తొంగిచూస్తే కారు కిందనుంచి బయటికొచ్చిన బావ కాళ్ళు కనిపించేవి. పెళ్ళయినప్పటినుంచీ ఆయన్ని తాను ఎక్కువగా చూసింది ఆ కాళ్ళేనని అక్క దెప్పుతూ ఉండేది.

కారుకు లేని రోగం లేదు. ఎత్తు ఎక్కాలంటే ఆయాసం. వెనక తలుపు దానికి బుద్ధిపుట్టినప్పుడు తెరుచుకునేది. అన్నిటికన్నా దారుణం, స్టీరింగ్ ఎడమకు తిప్పితే హారన్ మోగేది. శవయాత్రలో పెళ్ళి బస్సులా హారన్ కొట్టుకుంటూ పోతే ఏం బాగుంటుంది? అందుకని నిదానం అన్నీ కుడి మలుపులే ఉన్న దారి ఒకటి కనిపెట్టాడు. ఊరంతా చుట్టాల్సి వచ్చేది. ఎక్కినవాళ్ళెవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

ఒకరోజు పొద్దున్నే బావ కారు కిందనుంచి బయటికి జరిగి, చేతులు తుడుచుకుంటూ, ఇంజిన్ అయిపోయిందని చెప్పాడు. మళ్ళీ నిలబెట్టాలంటే లోపలున్నదంతా మార్చాలి, ఆ డబ్బుతో మంచి పాత వ్యాను ఒకటి వస్తుంది అన్నాడు. తుక్కుకి ఇచ్చెయ్యమంది అక్క. నిదానం ససేమిరా అన్నాడు. నాన్న జ్ఞాపకమన్నాడు, ఇలాంటి రేకు ఇప్పుడు రాదన్నాడు. అసలు సంగతి అది కాదు. ఆ కారులో కూర్చుంటే లారీలు కూడా పక్కకు తప్పుకునేవి, పోలీసు చెయ్యెత్తి పంపేసేవాడు. దిగి రోడ్డు మీద నడిస్తే మాత్రం అతన్ని తోసుకుంటూ పోయేవాళ్ళే అందరూ. ఈ మాట పైకి చెప్పలేక రెండు రోజులు అన్నం మీద అలిగాడు.

చివరికి అక్క దిగొచ్చింది. బావ చేతనైనంత బాగుచేస్తాడు, అప్పటిదాకా పిలుపులు తీసుకోకూడదు అని రాజీ కుదిరింది. బావ ఇంకా స్పానర్లు వెతుక్కుంటుండగానే ఫోను మోగింది. బస్ డిపోలో కంట్రోలరుగా చేసి రిటైరైన పెద్దాయన పోయాడట. కాదనడానికి అక్కకు నోరు రాలేదు. ఈ ఒక్కసారికి లాక్కొచ్చెయ్యమని తమ్ముణ్ణి బతిమాలింది.

కంట్రోలరంటే డిపో గేటు పక్క గదిలో కూర్చుని విజిల్ వేసే మనిషి. ఆయన విజిల్ వేశాక బస్సు ఆగడమన్నది లేదు, పరిగెత్తుకొచ్చేది కట్టుకున్న భార్యయినా సరే. ఆ భార్యే ఇప్పుడు ముందు సీట్లో నిదానం పక్కన ఎక్కి కూర్చుంది. కళ్ళు వాచి ఉన్నా మాట మాత్రం గట్టిగానే ఉంది.

"ఆలస్యం చెయ్యకు నాయనా. ఆయనకి గిట్టదు."

శవపేటిక వెనక పెట్టి కొడుకులూ అల్లుడూ చుట్టాలూ నడుస్తూ బయల్దేరారు. పోస్టాఫీసు దాటాక ఒక ఎత్తు ఉంది. దాని నడిమధ్యలో కారు రెండుసార్లు దగ్గి, తెల్లటి పొగ వదిలి, కళ్ళు తేలేసింది. నిదానం హ్యాండ్‌బ్రేక్ లాగి దిగి బానెట్ ఎత్తాడు. పెద్దావిడ కూడా దిగి, ఇంజిన్‌లో తప్పు పట్టుకోగలిగినట్టు అతని పక్కనే నిలబడి తొంగిచూసింది. తోద్దామంటూ కొడుకులు చొక్కా చేతులు మడిచారు. అల్లుడు కొత్త బూట్ల వంక దిగులుగా చూసుకున్నాడు.

వాళ్ళింకా చేతులు వెయ్యకముందే లోపలెక్కడో టప్పుమని తెగింది. హ్యాండ్‌బ్రేక్ తీగ.

కారు నెమ్మదిగా వెనక్కి కదిలింది. అది దేవుడు చేసిన మేలు, నెమ్మదిగా కదలడం. చుట్టాలు రెండుగా చీలి దారిచ్చారు. నిదానం తలుపు పట్టుకుని కొంతదూరం వేలాడి, చెప్పు తెగి, కింద కూర్చుండిపోయాడు. కారు కంట్రోలరు ఒక్కణ్ణే ఎక్కించుకుని, దిగువకు పోతూ పోతూ వేగం పుంజుకుని, తనంతట తానే చక్రాలు ఎడమకు తిప్పుకుంది. ఇంకేముంది, వీధి వీధంతా హారన్. కూరలు కొంటున్నవాళ్ళు సంచులు వదిలేసి అరుగులెక్కారు. సగం కట్టిన ఇంటి ముందు ఇసుక గుట్ట ఉంది. కారు పోయిపోయి దానికి వీపు ఆనించి ఆగింది. వెనక తలుపు తెరుచుకుంది. పేటిక సగం బయటికి జారి ఇసుక మీద ఒరిగింది. మూత ఊడలేదు.

అందరూ గుడ్లప్పగించి చూశారు. నిదానం ఒంటి చెప్పుతో కుంటుతూ వచ్చేసరికి పెద్దావిడ అప్పటికే అక్కడుంది. కాసేపు పేటికనే చూస్తూ నిలబడింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని పెద్ద కొడుకు పట్టుకోబోతే, ఆవిడ నవ్వుతోంది.

"ఉద్యోగమంతా పక్కవాళ్ళ డ్రైవింగుకి వంకలు పెట్టాడు. ఇవాళ తనే నడిపాడు. తీసుకొచ్చి ఇసుకలో పెట్టాడు."

ముందు చిన్న కొడుకు నవ్వాడు, తర్వాత అల్లుడు, ఆ తర్వాత ఆపుకోవడం ఎవరివల్లా కాలేదు. నిదానం ఒక్కడే నవ్వలేదు. ఆవిడ చేతులు పట్టుకుని క్షమించమన్నాడు. నువ్వేం చేస్తావు నాయనా అంది గానీ, ఆ తర్వాత ఎత్తుమీదికి తలెత్తి, కొడుకులు తొయ్యడానికి నిలబడిన చోటు వంక చూసింది.

ఇంతలో అటుగా వచ్చిన సిటీ బస్సు ఆగింది. డ్రైవరు కంట్రోలరు చేతికింద పనిచేసినవాడే. సంగతి తెలిసి, ప్రయాణికుల్ని అడిగి, పేటికను బస్సులో సీట్ల మధ్య పెట్టించాడు. ప్రయాణికులు కాళ్ళు ముడుచుకుని, పిల్లల్ని ఒళ్ళోకి లాక్కుని చోటిచ్చారు. కండక్టరు కొత్తవాడు, ఏం చెయ్యాలో తోచక టికెట్ల మిషను పట్టుకుని నీళ్ళు నములుతుంటే, పెద్దావిడ సీట్లో సర్దుకుంటూ చెప్పింది.

"ఆయనకి పాసుందయ్యా. పోనివ్వు."

బస్సు కంట్రోలర్ని టైముకే చేర్చింది. నిదానం మాత్రం ఇసుకగుట్ట దగ్గరే, బావ లారీ తెచ్చి కారును లాగేదాకా కూర్చున్నాడు.

ఆ సాయంత్రం వంటింట్లో ముగ్గురూ కూర్చున్నారు. అక్క తిట్టడానికి సిద్ధపడే కూర్చుంది, కానీ తమ్ముడి ముఖం చూసి కంచం ముందుకు జరిపింది. అతను ముద్ద కలిపాడు గానీ నోట్లో పెట్టుకోలేదు.

"ఇచ్చేద్దాం అక్కా. ఇవాళ నవ్వారు. వాళ్ళలో ఒకరు కారు వెనక చేతులేసి ఉంటే? కూరలు కొనేవాళ్ళు అరుగులెక్కకపోయుంటే?"

అక్క తలూపింది. విచిత్రమేమిటంటే, ఇన్నాళ్ళూ ఆ బండిని నోటికొచ్చినట్టు తిట్టిన బావ అడ్డం తిరిగాడు. తీగ ఎంత, గంటలో పని అన్నాడు. ఇంజిన్ కూడా ఎవరో పక్కూళ్ళో అమ్ముతున్నారని విన్నానన్నాడు. అయిపోయిందని చెప్పింది నువ్వు కాదా అని అక్క నిలదీస్తే, చెప్పింది నేనే అని ఒప్పుకుని, కళ్ళు తుడుచుకోవడానికి గ్రీజు చేతిగుడ్డ తీశాడు. ముఖమంతా నల్లగా అయింది. అక్కకు నవ్వొచ్చింది. నవ్వకుండా మజ్జిగ పోసింది.

చివరికి కారును తుక్కు షెడ్డుకి లాక్కెళ్ళారు. అక్కడి అతను దాన్ని చూసి టోపీ తీశాడు. లోపల ఎవరూ లేరు కదా అని రెండుసార్లు అడిగాడు. తలుపు తెరిచి చూపించినా నమ్మకం కుదిరినట్టు లేదు. అప్పుడు అక్క, ఊళ్ళో ఇంతమందిని పంపి ఎలా ఉంటుందో తెలియకపోవడమేమిటంటూ, చీర కుచ్చిళ్ళు పట్టుకుని వెనక ఎక్కి వెల్లకిలా పడుకుంది. తుక్కు అతను రెండడుగులు వెనక్కి వేశాడు. చాలాసేపు ఆమె లేవలేదు. నిదానం అద్దంలోంచి తొంగిచూస్తే పైకప్పు గుడ్డ మీద చినుగు వంక చూస్తోంది.

"ఇది కుట్టించి ఉండాల్సింది" అంది, దిగుతూ.

పాత వ్యాను ఒకటి కొన్నారు. బూడిదరంగుది, అంతకుముందు బేకరీ రొట్టెలు మోసిందట, మూడు వారాలు కడిగినా ఆ వాసన పోలేదు. బావ దాని కింద దూరి ఏ లోపమూ దొరక్క డీలాపడిపోయాడు. మొదటిరోజు నిదానం వ్యానును ఎవరూ పట్టించుకోలేదు, ఆటోలు అడ్డంగా దూరిపోయాయి. అతను పోస్టాఫీసు దాటి ఎత్తుమీదికి పోనిచ్చి, సగంలో ఆపి, హ్యాండ్‌బ్రేక్ లాగి, దిగాడు. వెళ్ళి వ్యాను వెనక, చక్రాలకు ఎదురుగా నిలబడ్డాడు.

సైకిలు తోసుకుంటూ ఎక్కుతున్న ఒకాయన ఆగి, ఏమైంది, తొయ్యమంటారా అని అడిగాడు.

"వద్దండి. నిలబడుతుందో లేదో చూస్తున్నా."

ఆయన సైకిలు గోడకు చేర్చి, తనూ కాసేపు పక్కన నిలబడి చూశాడు.