కంప్యూటర్ కడుపులో ఇంకో కంప్యూటర్

మా ఎంబ్రాయిడరీ మిషన్‌ని పట్టుకుపోవడానికి సోమవారం బండి వస్తుందని మా అబ్బాయి భోజనం చేస్తూ చెప్పాడు. నా మొహం చూసి కాదు, కంచం చూసి చెప్పాడు. వాడికి చిన్నప్పటినుంచీ అంతే. నాకు నచ్చని పని చేసి వస్తే కంచంతోనే మాట్లాడతాడు.

"ఎవర్నడిగి ఒప్పుకున్నావురా?" అన్నాను.

"అమ్మా, దాన్ని నడిపే కంప్యూటర్ కాలిపోయింది కదా. కొత్త లాప్‌టాప్‌లో ఆ డిజైన్ల ప్రోగ్రామ్ ఎక్కనంటోంది. డిజైన్ పంపలేకపోతే అది వట్టి ఇనుము. దీన్నిచ్చి కొత్త మిషన్ తీసుకుంటానని ఏజెంటుకి మాట ఇచ్చేశాను."

"మాట నీది. మిషన్ నాది."

కోడలు నవ్వు ఆపుకోలేక మంచినీళ్ల వంకతో వంటింట్లోకి వెళ్లిపోయింది.

మా ముందుగదే మా షాపు. ఆ మిషన్ కుట్టే బొమ్మలన్నీ నేను పెన్సిల్‌తో గీసినవి. నేను గీస్తే, మా ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని గీత గీతనీ చుక్కలుగా పెట్టి, సూది ఎక్కడ దిగాలో ఎక్కడ తిరగాలో దానికి నేర్పేవాడు. అందులో ఒక బాతుపిల్ల ఉంది. ఎడమకాలు కాస్త వంకర. పసిపిల్లల బట్టల షాపువాళ్లు ఆ వంకర కాలు బాతే కావాలంటారు. కాలు సరిగ్గా ఉన్న బాతుని ఒకసారి కుట్టి పంపితే, ఇదెవరి బాతండీ అని తిప్పి పంపారు. ఏజెంటు అమ్మే కొత్త మిషన్‌కి మా డిజైన్లు పనికిరావు. ఆయన పోయాడు, ఇదీ పోతే ఆయన పెట్టిన ఆ కుట్లన్నీ దీనితోనే పోతాయి. అదీ నా బాధ.

ఏజెంటుకి నేను పెట్టుకున్న పేరు టై బాబు. ఎండ మాడిపోతున్నా టై విప్పడు. "మా కేటలాగ్‌లో బోలెడు పువ్వులున్నాయి అమ్మగారూ" అని ఒకసారి చూపించాడు. ఉన్నాయి. అన్నీ గ్రూపు ఫొటోకి నిలబడ్డట్టు బిర్రబిగుసుకుని ఉన్నాయి.

మా మనవరాలిని ఇంట్లో అందరం పిచ్చుక అంటాం. ఒక్కచోట కాలు నిలవదు, కంప్యూటర్ ముందు తప్ప. భోజనాలయ్యాక నా పక్కన చేరింది.

"నానమ్మా, పాత డిస్కులోంచి డిజైన్లన్నీ తీసి దాచాను. ప్రోగ్రామ్ సీడీ కూడా ఉంది. దానికి కావల్సింది పాత ఆపరేటింగ్ సిస్టమ్, అంతే. కొత్త లాప్‌టాప్ కడుపులో ఇంకో కంప్యూటర్ని పుట్టించి, అందులో పాతది ఎక్కిస్తా. వర్చువల్ మెషీన్ అంటారు. ప్రోగ్రామ్ నిద్రలేచి, నేను నా పాత ఇంట్లోనే ఉన్నాననుకుంటుంది."

"అంటే దాన్ని మోసం చేస్తావా?"

"చేస్తాను. నీకేమైనా అభ్యంతరమా?"

"నాకెందుకే? కానివ్వు."

శనివారం పొద్దున్నే మొదలుపెట్టింది. లోపలి కంప్యూటర్‌కి ఎంత మెమరీ ఇవ్వాలో అడుగుతోంది తెర.

"సగం పైనే ఇచ్చెయ్యి, పిసినారితనం చేయకు" అన్నాను.

"అద్దెకొచ్చినవాళ్లకి గదులన్నీ ఇచ్చేస్తే ఇంటివాళ్లు వసారాలో పడుకోవాలి నానమ్మా. పాతది కదా, కొంచెంతోనే సర్దుకుంటుంది." దానికి తగ్గట్టే డిస్కులో కూడా కొంత చోటు కేటాయించింది. తెర మధ్యలో చిన్న తెర వెలిగింది. నాకు బాగా గుర్తున్న ఆ పాత నీలం రంగు. మా ఆయన ముందు వెలిగిన తెరే. నేను కాసేపు కిటికీ వైపు తిరిగాను.

"దీనికి టైం పడుతుంది" అని పిచ్చుక స్నానానికి వెళ్లింది. మా షాపులో దారం నూగు ఎగురుతూనే ఉంటుంది. అందుకే లేచి వెళ్లేటప్పుడు దేన్నయినా కప్పి వెళ్లడం మా ఇంటి పద్ధతి. మిషన్‌కి ముసుగు, రేడియోకి ముసుగు, చివరికి టెలిఫోన్‌కీ ముసుగు. కుర్చీలో మనిషి లేకపోవడం చూసిన కోడలు, అలవాటు కొద్దీ, దూదిపెట్టి కుట్టిన ముసుగు తెచ్చి లాప్‌టాప్ మీద కప్పేసింది. పిచ్చుక జుట్టు తుడుచుకుంటూ వచ్చి ముసుగు తీసేసరికి లాప్‌టాప్ పెనంలా కాలుతోంది. తెర నల్లగా ఉంది. లోపల ఎక్కుతున్న పాతది సగంలోనే చచ్చింది.

"అమ్మా! ఎవరైనా పనిచేసే దానికి దుప్పటి కప్పుతారా?"

"మీ నానమ్మ నేర్పిన పద్ధతే! ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో ముసుగు వేయలేదని నాకెన్ని చీవాట్లు పడ్డాయో అడుగు!"

"పడాల్సినవే పడ్డాయి" అన్నాను నేను. "ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టవే పిచ్చుకా."

మా అబ్బాయి గుమ్మంలోంచి చూసి, "ఇంకా ఎందుకమ్మా ఈ తంటా?" అన్నాడు.

"నీకు తంటా. నాకు పని."

ఆదివారం మళ్లీ మొదటినుంచీ. ఈసారి ఒక్కో మెట్టు దాటగానే దాని నకలు భద్రం చేసుకుంది పిచ్చుక, మళ్లీ పడిపోయినా అక్కడినుంచే లేవొచ్చట. సాయంత్రానికి పాత సిస్టమ్ ఎక్కింది, ప్రోగ్రామ్ ఎక్కింది. తెరవబోతే మాత్రం తాళం లేదంది. ఆ ప్రోగ్రామ్‌తో పాటు బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క ఒకటిచ్చారు, అది కంప్యూటర్‌కి గుచ్చితేనే తెరుచుకుంటుంది. గుచ్చే ఉంది. అయినా లేదు లేదంటోంది.

సోమవారం బండి వచ్చేసింది. టై బాబు లోపలికొచ్చి తెర చూసి, పాపం అన్నట్టు నవ్వాడు.

"లోపలి దానికి ఆ తాళం కనపడదు పాపా. మాకు తెలియదా? సార్, మనుషుల్ని పిలవనా?"

నేను కుర్చీ ఈడ్చుకెళ్లి గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చున్నాను.

"పిలువు బాబూ. నన్ను దాటి రమ్మను."

"అమ్మగారూ, మా వాళ్లు బయట ఎదురుచూస్తున్నారు."

"చూడనీ. నాకేం తొందర లేదు, మోకాళ్లు నొప్పి కాబట్టి లేచే పని కూడా లేదు."

పిచ్చుక ఇవేమీ చెవినపెట్టలేదు. గోళ్లు కొరుకుతూ తెర చూస్తోంది. ఉన్నట్టుండి, "ఛ! బయటిది పట్టుకు కూర్చుంది!" అంది.

"ఏమిటే?"

"తాళాన్ని. గుచ్చగానే బయటి సిస్టమ్ తనకే అనుకుని ఉంచేసుకుంది. లోపలికి వదలమని మనం చెప్పాలి." మెనూలో ఎక్కడో ఆ తాళం పేరు వెతికి దాని పక్కన టిక్కు పెట్టింది. ముక్కని పీకి మళ్లీ గుచ్చింది. లోపలి తెర మీద టింగుమని శబ్దం వచ్చింది. ప్రోగ్రామ్ తెరుచుకుంది. అందులో బాతుపిల్ల, వంకర కాలుతో సహా.

మిషన్ వైరుకి కూడా అలాగే దారి చూపించి డిజైన్ పంపింది. నేను కూర్చున్నచోటినుంచే, "పసుప్పచ్చ దారం ఎక్కించండి!" అని అరిచాను. కోడలు ఎక్కించింది. సూది దిగింది.

టై బాబు మొహం మాడిపోయింది. "ఇలాంటి ఏర్పాటుకి మా సర్వీసు ఉండదు" అన్నాడు.

"ఇన్నాళ్లూ ఉందా?"

"పాత సిస్టమ్ కదా, వైరస్ వస్తే?"

"దానికి ఇంటర్నెట్ ఇవ్వలేదంకుల్" అంది పిచ్చుక.

"గడప దాటని దానికి జలుబు ఎవరంటిస్తారు నాయనా" అన్నాను. మా అబ్బాయి అప్పటికే మిషన్ దగ్గరికి నడిచాడు. బాతు ముక్కు తయారవుతోంది. వంగి చూస్తూ నిలబడ్డాడు, చాలాసేపు.

"మరి నేనిచ్చిన మాటో అమ్మా?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"నోటితో ఇచ్చిందేగా. వెళ్లి నోటితోనే వెనక్కి తెచ్చుకో."

వాళ్లిద్దరూ వెళ్లడానికి మాత్రం కుర్చీ పక్కకి జరిపాను. బండి దగ్గర మా అబ్బాయి చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు, టై బాబు తల అడ్డంగా ఊపుతున్నాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. మిషన్ చప్పుడు అంత గట్టిగా ఉంది. ఆపమని నేను ఎవరికీ చెప్పలేదు.