ఊడని బరువు

మా తోడికోడలు వరహాలు ఈ ఉదయం నుంచి పైకప్పుకు ఆనుకుని ఉంటోంది. నిన్నటిదాకా మంచం మీద పడుకునేది. ఇప్పుడు వీపు దూలానికి తగులుతోంది, కాళ్లు నా తల మీద మెల్లగా ఊగుతున్నాయి.

"అక్కా, ఈ ఫ్యాను రెక్కల మీద ఎంత దుమ్ముందో! నువ్వేటి, కిందనుంచి దణ్ణం పెట్టి ఒదిలేస్తన్నావా?" అంటుంది.

"ముందు దిగిరావే."

"దిగుడు పడితే దిగనా? పడ్డం నేదు."

ఆమె చీర చెంగు లాగి కిటికీ ఊచకు ముడివేస్తాను. ముడి మీద నాకు నమ్మకం లేదు. సాయంత్రం సముద్రపు గాలి తిరుగుతుంది. తిరిగిందంటే వరహాల్ని తీసుకుపోతుంది. ఈ ఇంట్లోంచి పోయినవాళ్లంతా అలాంటి గాలికే పోయారు. ముందు మా అత్తగారు, తర్వాత వరహాలు పెనిమిటి, ఆ తర్వాత మా ఆయన. అందరి చెయ్యీ నా చేతిలోనే ఉంది. అందరూ తడి సబ్బులా జారిపోయారు. ఇక మిగిలింది ఇదొక్కతే.

నా చేతులకు బలం కావాలి. అది సాయంత్రంలోగా కావాలి.

పకోడీల పొట్లం విప్పి చదవడం నాకు అలవాటు. బడికెళ్లని నాకు చదువు అలాగే వచ్చింది. ముసలివాళ్లయినా ఇంట్లో బరువులెత్తితే కండ పడుతుందని ఒక పొట్లం చెప్పింది. మిగతా వాక్యం నూనెలో కరిగిపోయింది.

అందుకే వ్యాయామ సామాన్ల కొట్టుకు వెళ్తాను. బయటినుంచి చూస్తే అది మూరెడుంటుంది. లోపల రెండు వీధులంత పొడవు. మధ్యలో ఒక బస్టాపు కూడా ఉంది. కొట్టాయన నూకరాజు స్టూలు వేసి కూర్చోబెడతాడు.

"ఏం ఎత్తుతారు మామ్మా?"

"ఎత్తడం కాదు బాబూ, పట్టుకోవాలి. మా తోడికోడలు ఎగిరిపోతోంది."

"ఎన్ని కేజీలుంటారు?"

"ఇప్పుడు కేజీల్లేవు. అదే కదా బాధ."

"కేజీలు లేనోళ్లే గట్టిగా లాగుతారు," అని తల ఊపుతాడు.

ముందు రబ్బరు పట్టీలు చూపిస్తాడు. ఇంట్లో చోటు లేకపోతే ఇవే మేలట, చుట్టి డబ్బాలో పెట్టుకోవచ్చట. ఒకటి పట్టుకుని సాగదీస్తాను. అది సాగి సాగి బస్టాపు దాకా వెళ్లి, బస్సు కోసం నిలబడుతుంది. సాగేవాటికి ప్రయాణాల మీదే మనసు. వద్దంటాను.

తర్వాత డంబెల్స్. కుండ కొనేటప్పుడు చూసినట్టు, వేలి కణుపుతో కొట్టి చూస్తాను.

"మామ్మా, అది ఇనుము. కుండ కాదు."

"ఇనుమైతే మాత్రం? మోగితేనేగా ఓటిదో గట్టిదో తెలిసేది."

ఒకటి మా ఆయనలా దగ్గుతుంది. రెండోది ఆ దగ్గు ఎప్పుడు ఆగుతుందా అని ఊపిరి బిగబట్టి ఉంటుంది.

"జంటవి వద్దు. జంటలో ఒకటి ముందు పోతుంది."

నూకరాజు సరేనని రెండింటినీ గోడవైపు తిప్పి పెడతాడు.

"దించడానికయితే ఇదే," అని తీగా కప్పీ ఉన్న మిషను చూపిస్తాడు. కొట్టి చూస్తే రైలుకూత. కూత పడితే ఎవరో ఒకరు బయల్దేరతారు. ఆ కూతను ఇంట్లోకి తీసుకెళ్లను.

చివరికి పొడుగాటి కడ్డీ. అటూ ఇటూ ఇనప పళ్లేలు.

"పళ్లేలు ఊడతాయా?"

"క్లిప్పు తీస్తే ఊడతాయి. అదే దీంట్లో సుఖం."

"ఊడనిది చూపించు."

నూకరాజు కొట్టు చిట్టచివరికి వెళ్లి, మొత్తం ఒకే పోతగా పోసిన కడ్డీని దొర్లించుకొస్తాడు. కణుపుతో కొడతాను. ఖంగుమంటుంది. ఆ మోత వీధిలోకి వెళ్లి, తిరిగొచ్చి, నా పక్కన నిలబడుతుంది.

"ఎంత బరువు?"

"ఎత్తినవాళ్లే చెప్పాలి. ఒక్క మాట మామ్మా, ఇది ఎత్తడానికే. దించడానికి పనికిరాదు. తర్వాత నన్ను తిట్టకూడదు."

"మా వరహాలు ఉండిపోతే నిన్నెందుకు తిడతాను?"

కడ్డీని భుజాల మీద అడ్డంగా పెట్టుకుని నడుస్తాను. వీధి చాలదు గనక అటు ఇళ్లూ ఇటు ఇళ్లూ ఒక్కో అడుగు వెనక్కి వేస్తాయి. ఒకావిడ వడియాల గుడ్డ పక్కకు లాక్కుంటూ, "ఈ వయసులో ఏటి పిన్నీ ఈ మోత?" అంటుంది.

"ఉన్న వయసులోనే కదమ్మా మొయ్యాలి."

ఇంటికి వచ్చేసరికి గాలి తిరిగింది. కిటికీ ఊచకు చెంగు లేదు. పెంకులు దారి ఇస్తున్న మనుషుల్లా పక్కకు జరిగాయి. వరహాలు నడుం దాకా ఆకాశంలో ఉంది.

"అక్కా, లాగేస్తంది. పొయ్యి మీద పాలున్నాయి, చూసుకో."

ఎగిరి అందుకుంటాను. ఆమె బొటనవేలు నా వేళ్లకు తగిలి జారుతుంది. ఈ జారుడు నాకు తెలుసు.

ఇది దించడానికి పనికిరాదన్నాడు నూకరాజు. అందుకని నేను ఆమెను దించను. గచ్చు అంచు కిందికి కడ్డీ దొర్లించి, మోకాళ్లు వంచి, ఎత్తుతాను.

గచ్చు కదులుతుంది. మోకాళ్ల దాకా వస్తుంది. దానితో మంచం, పొయ్యి, పొయ్యి మీద పాలు. ఛాతీ దాకా వచ్చేసరికి పెరడు, నుయ్యి, వీధి, వడియాలావిడ.

"నడుం జాగర్తక్కా!" పైనుంచి వరహాలు కేక.

"నా నడుం సంగతి నాకొదిలెయ్. కాళ్లు చాపు."

ఊరు మొత్తం నా తలకు పైన ఉంది. మోచేతులు నిటారుగా నిలబెడతాను.

"ఆనింది అక్కా! మడమ కూడా ఆనింది!"

ఆమె బరువంతా నా అరచేతుల్లోకి దిగుతుంది. ఇంత బరువైన మనిషినా గాలి ఎత్తుకుపోదామనుకుంది! పైన ఆమె నడుస్తోంది, పాలు దించుతోంది, నన్ను తిడుతోంది. నా చేతుల్లోంచి ఏదీ జారడం లేదు. ఇంకో ఊరున్నా ఎత్తుతాను.

పడమటి వైపు, దిగిపోవడానికి వచ్చిన సూర్యుడికి అంచు దొరకదు. నేల తనకంటే ఎత్తులో ఉంది. కాసేపు వెతుక్కుంటాడు. తర్వాత మెట్లెక్కి, మా గుమ్మంలో చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కోవడానికి నీళ్లడుగుతాడు. వరహాలు చెంబుతో పోస్తుంది. ఆ నీళ్లు గచ్చు పగుళ్లలోంచి కారి ఒక్కో చుక్కా నా మీద పడుతున్నాయి. చుక్క పడ్డ చోటల్లా నా ఒంటి మీద తెల్లవారుతోంది.