ఐసుపెట్టెలో సూదిమందు

పెళ్ళై తొమ్మిదేళ్ళు. ఈ తొమ్మిదేళ్ళలో మా అత్త వీరమ్మ నన్ను జ్యోతిర్మయీ అని పిలిచింది తక్కువ. ఇంట్లో "మావోడి పెళ్ళాం" అనేది. చేపల మార్కెట్లో నలుగురి ముందైతే "కడుపు పండనిది" అనేది. మనసు మంచిదే, నోరే అంత అని చెప్పుకుంటూ సర్దుకుపోయాను.

బందరులో డాక్టరుగారు బొమ్మ గీసి మరీ చెప్పారు. "నెలనెలా గుడ్డుని పెంచే హార్మోను ఒకటి ఉంటుందమ్మా, ఎఫ్‌ఎస్‌హెచ్ అంటారు. ఒంట్లో ఉండేది ఒక్క గుడ్డుకే సరిపోతుంది. అదే సూదిమందుగా రోజూ ఇస్తే ఎక్కువ గుడ్లు పెరుగుతాయి. వాటిని తీసి బయట పిండం చేస్తాం."

రోజూ సాయంత్రం ఆరింటికి పొట్ట మీద నేనే పొడుచుకున్నాను. ఐదో రోజు స్కానింగులో ఎనిమిది గుడ్లు కనపడ్డాయి. ఎనిమిది! మా ఊరు నాగాయలంక వెళ్ళే బస్సులో కిటికీ వైపు తిరిగి సంతోషంతో ఏడ్చాను.

మర్నాడు తుఫాను. కరెంటు పోయి, మందు పెట్టిన ఫ్రిజ్ ఆగిపోయింది. ఆసుపత్రి సిస్టరు సుగుణకి ఫోను చేస్తే, "ఐసులో పెట్టుకోండి" అంది. అంతలో లైను తెగిపోయింది. మాది చేపల వ్యాపారం, ఐసుకి ఏం లోటు? పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మిగిలిపోయాయి. అత్త మోకాల్లోతు నీళ్ళలో వెళ్ళి దిమ్మ మోసుకొచ్చింది. పగలగొట్టి చేపల ఐసుపెట్టెలో పోసి, మందు సీసాల్ని మధ్యలో పూడ్చింది. పైన రెండు దోసిళ్ళు రాళ్ళుప్పు చల్లింది.

"ఉప్పెందుకత్తా?"

"ఉప్పేత్తేనే సలవ పెరుగుద్ది. రొయ్యలకి ఎయ్యమా? నా మనవడి మందు సెడనిత్తానా?"

నా మనవడు అంది! పెట్టె మూత నేనే బిగించాను. సాయంత్రం తీస్తే సీసా రాయిలా ఉండేది. గుప్పిట్లో పెట్టుకుని కరిగించి పొడుచుకున్నాను. నాలుగు రోజులూ అంతే.

దారులు తెరుచుకున్నాక మా ఆయన భానుప్రకాష్, నేను బందరు వెళ్ళాం. గుడ్లు ఎదగడం ఆగిపోయిందన్నారు డాక్టరుగారు. "మీ ఒళ్ళు మందుకి పలకడం లేదమ్మా" అని ఫైల్లో రాశారు.

మిగిలిన సీసా తిరిగిస్తుంటే సుగుణ దాన్ని వెలుతురులో పట్టి చూసింది.

"ఇది గానీ గడ్డకట్టిందా అండీ?"

తలూపాను. ఉప్పు సంగతి చెప్పాను.

"అయ్యో, చల్లగా ఉండాలిగానీ గడ్డకట్టకూడదండీ! ఇంక పనిచెయ్యదు. ఫోన్లో నేను సరిగ్గా చెప్పాల్సింది."

ఆ అమ్మాయే సీసా పట్టుకుని డాక్టరుగారి దగ్గరికి మమ్మల్ని మళ్ళీ తీసుకెళ్ళింది. డాక్టరుగారు ఫైల్లో రాసింది కొట్టేశారు. "తప్పు మీ ఒంట్లో లేదు. రెండు నెలలాగి మళ్ళీ మొదలుపెడదాం" అని, దానికి ఒప్పుకుంటూ ఇద్దరం సంతకాలు పెట్టాల్సిన కాగితం ఇచ్చారు. మా ఆయన నా పక్కనే నిలబడి అంతా విన్నాడు.

బస్సులో అన్నాడు: "అమ్మకి చెప్పమాక. తట్టుకోలేదు."

"అడిగితే ఏం చెప్పను?"

"నీ ఒంటికి మందు పడలేదని చెబుదాం. నీకు అలవాటేగా."

ఒళ్ళు మండిపోయింది. తొమ్మిదేళ్ళ తర్వాత ఒక్క డాక్టరు నా తప్పు లేదంటే, ఆ మాట ఇల్లు చేరేదాకా కూడా నాకు దక్కనివ్వడా?

గుమ్మంలోనే అత్త అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె మొహం పాలిపోయింది.

"నేను సెడగొట్టానా? నిజవేనంట్రా?"

మా ఆయన చొక్కా గుండీలు విప్పుకుంటూ, "నాకేం తెలుసమ్మా? డాక్టరు దీంతోనే మాట్లాడింది" అన్నాడు.

పొద్దు వాలేసరికి వీధంతా తెలిసింది, లోపం నాలో పెట్టుకుని ముసలిదాని మీదికి నెట్టానని.

రెండు నెలలకి మా ఆయన ఆ కాగితం తెచ్చాడు. తన సంతకం ముందే పెట్టేశాడు.

"నువ్వూ పెట్టెయ్. పొద్దున్నే బస్సు."

బిడ్డ కావాలని నాకు లేదనుకోకండి. అన్నం కలుపుతున్నా అదే ధ్యాస. కానీ రేపు ఆ బిడ్డకి జ్వరమొచ్చినా, దెబ్బ తగిలినా వాళ్ళమ్మ ముందు ఈ మనిషి ఏమంటాడో నాకు తెలుసు. అప్పుడు కూడా పక్కనే ఉండి, నాకేం తెలుసంటాడు.

కాగితం మడిచి అతని చేతిలో పెట్టాను.

"నా ఒంటికి మందు పడదు కదా బావా" అన్నాను.